పెరటి చెట్టు పాఠానికి రాదా?

కుంట గట్టున ఒక తెల్లటి ట్రే. అందులో రెండంగుళాల లోతున ఆ కుంట నీళ్ళే. తుంగ మొదళ్ళ దగ్గర వలను నాలుగైదు సార్లు అటూ ఇటూ తిప్పి, ఎత్తి, ట్రేలో బోర్లిస్తే ముందు కనిపించేది బురద, చివికిన ఆకులు, నాచు పోగులు. "ఏమీ లేదు" అని పిల్లలు తేల్చేయడానికి పది సెకన్లు చాలు. బురద అడుగుకు చేరడానికి మాత్రం రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆ కాసేపూ ఎవరూ ట్రేను కదపకుండా ఉంటే, అంతదాకా ఆకు ముక్క అనుకున్నది ఒకటి లేచి నడుస్తుంది.

అది తూనీగ పిల్ల. మట్టి రంగు, ఆరు కాళ్ళు, తలలో సగం కళ్ళే. ఎగిరే తూనీగతో దానికి పోలికే కనిపించదు. మెత్తటి కుంచెతో వెనక నుంచి తాకితే కాళ్ళు ఆడించకుండానే ముందుకు దూసుకుపోతుంది. దాని మొప్పలు పేగు చివర, మలద్వారం లోపల ఉంటాయి. ఊపిరి కోసం అక్కడికి లాక్కున్న నీటినే ఒక్కసారిగా వెనక్కి చిమ్మి ముందుకు కదులుతుంది. ఈ సంగతి చెప్పగానే పిల్లలు పడీపడీ నవ్వుతారు. నవ్వనివ్వాలి, న్యూటన్ మూడో సూత్రానికి ఇంతకంటే మంచి ఉదాహరణ తరగతి గదిలో దొరకదు. దగ్గరికి దోమ పిల్ల ఒకటి వచ్చిందంటే ఇంకో వింత. తల కింద మడిచి పెట్టుకున్న కింది పెదవిని చెయ్యిలా చాచి, చివరి కొక్కేలతో పట్టి, నోటికి అందించుకోవడం రెప్పపాటులో అయిపోతుంది. సగం మంది చూడనే చూడరు. "మళ్ళీ చేస్తుందా?" అని అడుగుతారు. ఆ ప్రశ్న పుట్టాకే క్షేత్ర పర్యటన మొదలైనట్టు లెక్క.

దీనికంతా కావలసినవి నీళ్ళు నిలిచిన ఒక చోటు, ఒక వల, ఒక ట్రే, ఇరవై నిమిషాల సమయం. వీటిలో బడుల దగ్గర ఎప్పుడూ లేనిది చివరిదే.

బడి ఏడాదికోసారి పెట్టే విజ్ఞాన యాత్రలో కాలం ఎటు పోతుందో చూస్తే విషయం తెలుస్తుంది. ఎనిమిది గంటల రోజనుకుందాం. రానూ పోనూ ప్రయాణానికి నాలుగు గంటలు. బస్సు ఎక్కడం, దిగడం, తలలు లెక్కపెట్టడం, వరుసలో నిలబెట్టడం, ఒకరి సంచి కనబడలేదని వెతకడం కలిపి గంట. భోజనానికి గంట. గ్రూపు ఫొటోకు పావుగంట అనుకుంటే అరగంట పడుతుంది. మిగిలిన గంటన్నరలో నలభై మంది ఒకే గైడు వెనక నడుస్తారు. మొదటి ఆరుగురికి మాటలు వినబడతాయి, తరవాతి పదిమందికి చెట్టు కనబడుతుంది, మిగిలినవాళ్ళకు ముందున్నవాళ్ళ వీపులు. అయినా ఎంత దూరం వెళితే అంత గొప్ప పర్యటన అన్న నమ్మకం మాత్రం చెక్కుచెదరదు. దూరపు కొండలు నునుపు అన్న సామెత కొండలెక్కడానికి వెళ్ళేవాళ్ళకే ఎక్కువగా వర్తించడం ఒక తమాషా.

కొత్త చోటుకు వెళ్ళిన పిల్లలు పాఠం మీద మనసు పెట్టకపోవడాన్ని అల్లరి అనడం మామూలు. పరిశోధకులు దీన్ని మరోలా చూశారు. జాన్ ఫాక్, అతని సహచరులు 1978లో ప్రచురించిన అధ్యయనంలో తేల్చింది ఇది: బాగా కొత్తగా ఉన్న చోట పిల్లల ధ్యాస ముందు ఆ చోటునే అర్థం చేసుకోవడానికి ఖర్చవుతుంది, ఇచ్చిన పని దాని తరవాతే. తప్పిపోకుండా ఉండాలి, ఎక్కడ కూర్చోవాలో తెలియాలి, పొదలో కదిలిందేమిటో చూసుకోవాలి. పిల్లలే కాదు, ఏ ప్రాణి అయినా అంతే. నిర్ ఓరియన్, అవి హోఫ్‌స్టీన్ 1994లో ఈ కొత్తదనాన్ని మూడుగా విడదీశారు. మొదటిది విషయానికి సంబంధించినది: అక్కడ వాడే మాటలు, పరికరాలు, చేసే పనులు ముందే పరిచయమయ్యాయా లేదా. రెండోది చోటుకు సంబంధించినది: దారి, నేల, దూరాలు. మూడోది మనసుకు సంబంధించినది: ఇదంతా చదువా, సెలవా?

ఈ మూడింటిలో బడులు పట్టించుకునేది, పట్టించుకుంటే, మొదటిదాన్నే. వెళ్ళేముందు ఒక పీరియడు పాఠం చెబుతారు. మిగతా రెండింటికి ఖర్చు ఇంకా తక్కువ. చేతితో గీసిన పటం ఒకటి గోడకు అంటించి "బస్సు ఇక్కడ ఆగుతుంది, మరుగుదొడ్లు ఇక్కడ, ఈ చెట్టు కింద తింటాం, ఇక్కడ మోకాళ్ళదాకా తడుస్తారు" అని చెబితే చాలు. ఇది చిన్నవిషయంగా కనిపిస్తుంది గానీ కాదు. వాషింగ్టన్‌లోని జాతీయ జంతు ప్రదర్శనశాలకు వెళ్ళిన పిల్లల మీద ఫాక్ బృందమే చేసిన మరో పరిశీలనలో, ఏం తింటాం, ఏం చూస్తాం, ఏం కొనుక్కోవచ్చు అన్న సంగతులు ముందే విన్నవాళ్ళు విషయమూ బాగా నేర్చుకున్నారు. ఆకలి ఎప్పుడు తీరుతుందో తెలిసిన పిల్లవాడే స్థిమితంగా కోతిని చూడగలడు.

ఇక చేతికిచ్చే ప్రశ్నపత్రం. దాని చుట్టూ అల్లుకున్న మంచి ఉద్దేశాలను కాదనలేం గానీ, చాలా పర్యటనలను పాడుచేసేది అదే. ఇరవై ఖాళీలున్న కాగితం చేతిలో ఉంటే కళ్ళు కాగితం మీదే ఉంటాయి. ఒకరు నింపితే మిగతావాళ్ళు చూసి రాస్తారు. "అయిదు రకాల ఆకులు సేకరించండి" అన్న పని అయితే మరీ ఘోరం. నలభై మంది అయిదేసి కోస్తే రెండు వందల ఆకులు, సాయంత్రానికి బస్సు సీట్ల కింద వాడిపోయిన చెత్త. చూసి రమ్మంటే కాల్చి వచ్చినట్టు.

అదే ఆకును కొమ్మమీదే ఉంచి ఒక్క ప్రశ్న వేయవచ్చు: దీన్ని ఎవరు తిన్నారు? అంచు నుంచి చిందరవందరగా కొరికి ఉంటే మిడతో గొంగళిపురుగో అయివుండాలి. కత్తెరతో కోసినట్టు నున్నటి అర్ధచంద్రాకారపు ముక్క పోయి ఉంటే అది తిండి కోసం కాదు, గూటికి ఆకు ముక్కలు పరుచుకునే ఒక జాతి తేనెటీగ పని. కొన్ని ఆకుల మీద తెల్లటి వంకర గీత ఒకటి పాములా తిరుగుతూ ఉంటుంది. తెగులు అనుకుని వదిలేస్తారు. భూతద్దం పెట్టి చూస్తే ఆ గీత ఒక కొస సన్నం, ఇంకో కొస వెడల్పు. ఆకు పై పొరకూ కింది పొరకూ మధ్య ఒక పురుగు తింటూ తవ్విన సొరంగం అది. గుడ్డులోంచి వచ్చినప్పుడు పురుగు వెంట్రుకంత, తిన్నకొద్దీ లావు, దానితో పాటే సొరంగమూ. మధ్యలో కనబడే నల్లటి చుక్కలు దాని రెట్ట. గీత ఎటు మొదలై ఎటు ముగిసిందో పిల్లలు వేలితో చదివేయగలరు. వెడల్పు కొస దగ్గర ఆకును వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఒక్కోసారి ఆ పురుగు ఇంకా లోపలే కనిపిస్తుంది. ఒక జీవి బాల్యమంతా ఒక ఆకు మీద గీసి ఉంటే ఖాళీలు నింపించడం దేనికి?

చూడటం నేర్పడంలో పాత పద్ధతి ఒకటుంది: ఒక్కదాన్నే చాలాసేపు చూపించడం. పందొమ్మిదో శతాబ్దంలో లూయీ అగాసీ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడి దగ్గర చేరిన శామ్యూల్ స్కడర్ అనే విద్యార్థికి మొదట ఇచ్చిన పని ఒక చేపను చూడటం. పది నిమిషాల్లో చూడవలసిందంతా చూసేశానని అతను అనుకున్నాడు. ఆ చూపు మూడు రోజులు సాగింది. తోచక బొమ్మ గీయడం మొదలుపెట్టాకే అంతదాకా కనబడనివి కనబడ్డాయి. బడిపిల్లల దగ్గర మూడు రోజుల ఓపిక ఆశించలేం. పదిహేను నిమిషాలు ఆశించవచ్చు. బొమ్మ బాగా రావాలని కాదు. కాలి కీళ్ళు ఎన్ని అన్న సందేహం గీసేటప్పుడే వస్తుంది, ఫొటో తీసేటప్పుడు రాదు.

కొలతల సంగతికి వస్తే, నాలుగు కర్రలూ తాడూ చాలు. అరమీటరు భుజమున్న చతురస్రపు చట్రాన్ని నేలమీద పెట్టి లోపలి మొక్కలు లెక్కించవచ్చు. చతురస్రాలు గుర్తించి మొక్కలు లెక్కించే పద్ధతిని పౌండ్, క్లెమెంట్స్ అనే ఇద్దరు వృక్షశాస్త్రజ్ఞులు 1898 నాటికే గడ్డి మైదానాల అధ్యయనంలోకి తెచ్చారు. ఒక చట్రం పావు చదరపు మీటరు. పది చోట్ల పెడితే రెండున్నర చదరపు మీటర్లు. వాటిలో ఒక రకం మొక్కలు 35 దొరికితే చదరపు మీటరుకు 14. మైదానం 400 చదరపు మీటర్లయితే సుమారు 5,600 మొక్కలు. లెక్క ఇంతే. అసలు పాఠం ఇంకోచోట ఉంది. చట్రం ఎక్కడ పెట్టాలో పిల్లలకే వదిలేస్తే పూలున్న చోటే పెడతారు. ఒక జట్టుకు 9,000 వస్తుంది, చీట్లు తీసి అంకెల ప్రకారం చోటు ఎంచుకున్న జట్టుకు 4,000 వస్తుంది. ఎవరు తప్పు చేశారన్న తగాదా మొదలవుతుంది. ఉపాధ్యాయుడు వెంటనే తీర్పు చెప్పకుండా ఆ తగాదాను కాసేపు నడవనిస్తే మంచిది. గణాంకశాస్త్రంలో పక్షపాతం అన్న మాటకు అర్థం అక్కడే తెలుస్తుంది.

నీటి దగ్గరా ఇలాంటి లెక్క ఉంది. ట్రేలో ఎర్రటి దారపు ముక్కల్లా మెలికలు తిరిగే పురుగులు కనిపిస్తే, అవి దోమను పోలి ఉండి కుట్టని ఒక రకం ఈగ పిల్లలు. మన నెత్తురులో ఉన్న హిమోగ్లోబినే వాటికి ఆ ఎరుపునిచ్చింది. ప్రాణవాయువు తక్కువైన నీళ్ళలో బతకడానికి అదే ఆధారం. పారే వాగులో మూడు తోకల మేఫ్లై పిల్లలు, రెండు తోకల స్టోన్‌ఫ్లై పిల్లలు దొరికాయంటే నీటిలో ప్రాణవాయువు సమృద్ధిగా ఉందన్నమాట. ఎర్రపురుగులు తప్ప ఇంకేమీ లేకపోతే ఏదో కలుస్తోందని అనుమానించాలి. పరీక్షనాళిక లేకుండా నీటి ఆరోగ్యం చెప్పే ఈ పద్ధతి బడిపిల్లల కోసం కల్పించినది కాదు. నదుల నాణ్యతను అంచనా వేసే సంస్థలూ ఈ సూత్రం మీదే ఆధారపడతాయి.

పేర్ల గురించి ఒక చిక్కు ఉంది. 2002లో బ్రిటన్ పరిశోధకులు 109 మంది ప్రాథమిక పాఠశాల పిల్లలకు బొమ్మల కార్డులు చూపించారు. కొన్నింటి మీద ఆ దేశపు మామూలు మొక్కలు, జంతువులు. కొన్నింటి మీద పోకెమాన్ ఆటలోని కల్పిత జీవులు. ఎనిమిదేళ్ళ పిల్లలు పోకెమాన్‌లను 78 శాతం గుర్తుపట్టారు, నిజమైన జీవులను 53 శాతం. పిల్లలకు జ్ఞాపకశక్తి లేదనేవాళ్ళకు ఇది సమాధానం. చూసినవాటిని గుర్తుపెట్టుకున్నారు, అంతే. మొక్కల విషయంలో పెద్దలూ ఇంతే. ఏ అడవి ఫొటో చూపినా అందులో జంతువు కనబడుతుంది, మొక్కలన్నీ కలిసి పచ్చటి తెరగా మిగిలిపోతాయి. వాండర్సీ, షస్లర్ అనే అధ్యాపకులు 1999లో దీనికి 'మొక్కల అంధత్వం' అని పేరు పెట్టారు.

అందుకని ఫోను తీసి పేరు కనుక్కోవడం మంచిదే కదా అనిపిస్తుంది. 2008లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ విద్యార్థుల ప్రాజెక్టుగా పుట్టిన ఐనాచురలిస్ట్ వంటి వేదికలు ఆ పని చేసిపెడుతున్నాయి. అయితే క్రమం ముఖ్యం. పేరు ముందే వచ్చేస్తే చూడటం ఆగిపోతుంది. "ఓ, అదా" అని పిల్లవాడు పక్కకు తిరుగుతాడు. ముందు చూసి, గీసి, తామే ఒక పేరు పెట్టుకుని, చివర అసలు పేరు వెతికితే ఆ పేరు ఒక జవాబుగా వస్తుంది. 'నీళ్ళ రాకెట్టు' అని తామే పిలిచిన జీవి తూనీగ పిల్ల అని తెలిసినప్పటి ముఖాలు చూడదగ్గవి.

ఏడాదికోసారి చేసే దూరప్రయాణం దండగ అని దీని అర్థం కాదు. ఫాక్, డియర్కింగ్ 1997లో ప్రచురించిన అధ్యయనంలో పిల్లలూ పెద్దలూ కలిపి 128 మందిని వాళ్ళ చిన్నతరగతుల నాటి బడి యాత్రల గురించి అడిగితే, ఏళ్ళు గడిచినా దాదాపు అందరూ ఏదో ఒకటి చెప్పగలిగారు. సముద్రమో పర్వతమో మొదటిసారి చూడటానికి సాటి వచ్చేది లేదు. ఆ ఒక్కరోజు మీద మోపే బరువే సమస్య. ఏకాగ్రత, ఆరోగ్యం, పర్యావరణ స్పృహ, శాస్త్రీయ దృష్టి అన్నీ ఆ బస్సులోనే తిరిగి రావాలంటే ఎలా?

ఆరుబయటి కాలం వల్ల మేలు జరిగిందని గట్టిగా చెప్పగలిగిన చోటల్లా ఉన్నది దూరం కాదు, తరచుదనం. చైనాలోని గ్వాంగ్‌జౌలో 12 బడులలో జరిపిన ప్రయోగం 2015లో వెలువడింది. ఒకటో తరగతి పిల్లలకు సగం బడులలో రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపే ఏర్పాటు చేశారు. మూడేళ్ళ తరవాత ఆ బడులలో కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవాళ్ళు 30.4 శాతం, మిగతా బడులలో 39.5 శాతం. కంటికి కావలసింది ఆరుబయటి వెలుతురు, అదీ రోజూ. అమెరికాలో 2018లో వెలువడిన ఒక చిన్న అధ్యయనం మూడో తరగతి సెక్షన్లు రెండింటిని పది వారాలు గమనించింది. పాఠం బయట పచ్చదనంలో జరిగితే, తరవాతి పీరియడులో ఉపాధ్యాయులు పాఠం ఆపి పిల్లలను దారిలో పెట్టవలసిన సందర్భాలు దాదాపు సగానికి తగ్గాయి. రెండే తరగతులు కాబట్టి దీన్ని నెత్తిన పెట్టుకోనక్కరలేదు. అయితే "బయటికి తీసుకెళితే తిరిగొచ్చాక అదుపులో ఉండరు" అన్న వాదనకు మాత్రం ఇది ఎదురు సాక్ష్యం.

డెన్మార్క్‌లో 'ఊడెస్కోల' అనే అలవాటు ఈ తర్కానికి దగ్గరగా ఉంటుంది. వారానికో, రెండు వారాలకో ఒక రోజు మామూలు పాఠాలే బడి బయట, చాలాసార్లు ఒకే తోపులో జరుగుతాయి. అక్కడ యాత్ర అన్న హడావిడి లేదు. మూడో వారానికి చోటు పాతదైపోతుంది. చోటు పాతదైతేనే మార్పు కనబడుతుంది. పోయిన వారం లేని చీమల బారు, మొన్న మొగ్గ ఇవాళ కాయ కావడం ఒక్కసారి వచ్చినవాళ్ళకు తెలిసే అవకాశమే లేదు. పెరటి చెట్టు మందుకు రాదని మనవాళ్ళు వెక్కిరించింది కూడా రోజూ కళ్ళెదుట ఉన్నదాన్ని లెక్కచేయని ఈ గుణాన్నే.

భద్రత మీద ఒక మాట. భయం ఊరికే పుట్టదు. 1993 మార్చిలో ఇంగ్లండ్‌లోని లైమ్ బే దగ్గర ఒక సాహసక్రీడల కేంద్రం ఆధ్వర్యంలో పడవలు నడుపుతూ నలుగురు విద్యార్థులు చనిపోయారు. దాని ఫలితంగా 1995లో అక్కడ ఇలాంటి కేంద్రాలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఎంతమంది పిల్లలకు ఒక పెద్ద ఉండాలన్న దానికి ఒకప్పుడు అక్కడి విద్యాశాఖ అంకెలిచ్చేది, చిన్న తరగతులకు ఆరుగురికి ఒకరు చొప్పున. అంకె మంచి మొదలే గానీ నీళ్ళ దగ్గర ఆరుగురూ ఎక్కువే కావచ్చు, గడ్డి మైదానంలో పదిహేను మందీ ఫరవాలేకపోవచ్చు. ఎవరో ఒకరు ముందే వెళ్ళి ఆ చోటును అదే గంటలో నడిచి చూసి రావడానికి బదులుగా ఏ ఫారమూ పనిచేయదు. ఎవరికి తేనెటీగ కుడితే ప్రమాదమో, ఎవరి దగ్గర ఇన్‌హేలర్ ఉండాలో తెలిసి ఉండాలి. మెరుపుకూ ఉరుముకూ మధ్య ముప్పై సెకన్లకంటే తక్కువ ఉంటే అందరూ కట్టడంలోకి వెళ్ళాలి, చివరి ఉరుము తరవాత ముప్పై నిమిషాలు బయటికి రాకూడదు. చెట్టు కిందికి అసలే వెళ్ళకూడదు. చక్రాల కుర్చీలో ఉన్న పిల్ల గట్టు దిగలేకపోతే ట్రేను బల్లమీద పెడితే సరి. అలా పెట్టాక అందరికీ అదే బాగా కనిపించడం మామూలు.

ప్రమాదం జరిగితే ఎవరి మెడకు చుట్టుకుంటుందో అన్న భయంతో పర్యటనే మానేసే బడులు ఎక్కువ. దగ్గరి చోటును ఎంచుకోవడంలో ఉన్న సుఖం ఇక్కడా తెలుస్తుంది. రహదారి లేదు, రాత్రి బస లేదు, పదినిమిషాల్లో బడికి తిరిగి రావచ్చు. ఉపాధ్యాయుడికి ప్రతి మొక్క పేరూ తెలియాలన్న బెంగ కూడా అక్కరలేదు. "నాకూ తెలియదు, చూద్దాం" అనగలిగితే చాలు. ఆ మాట అనడం మాత్రం చాలామందికి పాఠం చెప్పడంకంటే కష్టం.

చూడటం అయ్యాక ట్రేలోని ప్రాణులను పట్టిన చోటే, నీటి మట్టానికి వంచి వదలాలి. పైనుంచి పారబోయకూడదు. పావుగంటకు మించి ఉంచినా, ఎండలో పెట్టినా నీళ్ళు వేడెక్కి ముందు చచ్చేవి మొప్పలున్నవే.

అదే కుంటకు కొన్ని వారాలకు మళ్ళీ వెళితే ఎవరో ఒకరికి తుంగ కాడ మీద అరచేతి ఎత్తున ఒక ఎండిన పురుగు కనిపిస్తుంది. తాకితే కదలదు. ఆరు కాళ్ళూ కాడను గట్టిగా పట్టుకునే ఉంటాయి, వీపు మాత్రం నిలువునా చీలి ఉంటుంది. చీలికలోంచి తెల్లటి దారాలు కొన్ని వేలాడుతుంటాయి. పాత చర్మంతో పాటు విడిచిపెట్టిన ఊపిరి గొట్టాల లోపలి పొరలు అవి. తల కింద ఆ మడత పెదవి కూడా అలాగే, ఖాళీగా ఉంటుంది. పిల్లలు దాన్ని ఊదితే ఎగిరిపోయేంత తేలిక అని కనుక్కుంటారు. తరవాత తల ఎత్తి నీళ్ళ మీద తిరుగుతున్న తూనీగల వైపు చూస్తారు. మొన్న ట్రేలో ఉన్నది వీటిలో ఏది అని ఎవరో అడుగుతారు.